ఎర్రది లేదు

ఐదో భాగం

పోయిన వారం బొంగరాన్ని ఆల్టరేషన్ షాపులో, కంప్యూటరు ముందు, మౌసు మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉండగా వదిలిపెట్టాం. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

అంతవరకూ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. బొంగరం దర్జీ. ఒక్కచోట నిలవదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు అది. పెళ్ళయ్యాక అత్తారింటికీ, తర్వాత షాపుకీ కూడా వెంట వచ్చింది. పేరు పెట్టిన అక్క మాత్రం లేదు. ఆరేళ్ళ కిందట రేవు దగ్గర నీళ్ళలో పడిపోయిందన్నారు. పదకొండు రోజులకి దొరికిన శరీరాన్ని బావ కోటు చూసి గుర్తుపట్టాడు. నేరేడుపండు రంగు కోటు, బొంగరం స్వయంగా కుట్టింది. మొహం చూస్తే తట్టుకోలేరని అందర్నీ గుమ్మం దగ్గరే ఆపేశాడు. కోటుతో సహా పెట్టెలో పెట్టి, మూత బిగించి, పూడ్చిపెట్టారు.

ఈ ఏడాది అమ్మ కూడా పోయింది. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పెళ్ళికి ముందు అక్క ఉన్న గదిలోని సామాన్లకి బొంగరం ఇంట్లో చోటు లేదు. పాతసామాన్లు అమ్మే సైటులో ఒక్కొక్కటే పెట్టింది. మొదట దీపం, తర్వాత అద్దం, తర్వాత ముక్కాలిపీట. మూడింటినీ మూడు వేరువేరు పేర్లవాళ్ళు కొన్నారు. సామాన్లు సైటువాళ్ళే వచ్చి తీసుకెళ్తారు, కొన్నవాళ్ళ అడ్రసు అమ్మినవాళ్ళకి చెప్పరు. ముగ్గురూ ఐదేసి స్టార్లిచ్చి, "బాగుంది" అని ఒక్క మాట రాసి పోయారు. చివరికి అక్క కుట్టుమిషన్ పెట్టింది. అదీ అమ్ముడుపోయింది. వారం తిరక్కుండా దానికి ఒకే ఒక్క స్టార్ పడింది. కింద మూడు వాక్యాలు.

"మిషన్‌తో ఉండాల్సిన ఎర్రది లేదు. ఎర్రది లేకుండా మిషన్ ఎందుకు? అమ్మిన మనిషి మాట తప్పింది."

ఎర్రదేమిటో బొంగరానికి అర్థం కాలేదు. ప్రకటనలో ఎరుపన్న మాటే లేదు. మిషన్ నలుపు, మూత గోధుమరంగు, పెడలు బూడిదరంగు. అన్నీ తుడిచి, నూనె వేసి, ఆరు ఫొటోలు తీసి, అంచు దగ్గర పెచ్చు లేచిన సంగతి కూడా దాచకుండా రాసింది. ఏడాదికి నాలుగు వస్తువులు అమ్మే మనిషిని పట్టుకుని మాట తప్పిందనడం ఏమిటి? ఆమె చేతిలో కుట్టుపడ్డ బట్ట ఒక్కటీ ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఆ సైటులో ఇలాంటి గొడవలకి పద్ధతి ఒకటుంది. అమ్మినవాళ్ళు వారంలోగా ఒకే ఒక్క జవాబు ఇవ్వచ్చు. పంపాక మార్చడానికి లేదు. జవాబిస్తే రివ్యూ, దాని కింద జవాబు, కొన్నవాళ్ళు ఫొటో పెడితే ఆ ఫొటో, అన్నీ లోకమంతా చూసేలా ఉండిపోతాయి. జవాబు వద్దనుకుంటే డబ్బు వాపసు చెయ్యచ్చు. అప్పుడు అన్నీ చెరిగిపోతాయి, కొన్నవాళ్ళతో మాట్లాడే దారి సహా. ఏదో ఒకటి తేలేదాకా ఆ ఫొటో ఇద్దరికే కనిపిస్తుంది. అమ్మినవాళ్ళకి, కొన్నవాళ్ళకి.

గడువు ఈరోజు మధ్యాహ్నం రెండింటికి తీరిపోతుంది. గోడ గడియారంలో ఒంటిగంటయింది. ఇవాళ పొద్దున కొత్తగా కనిపించిన "కొన్నవారు ఒక ఫొటో జతచేశారు" అన్న వాక్యం కింద బొంగరం వేలు ఆగి ఉంది.

నొక్కింది.

ఫొటో మెల్లగా, పైనుంచి కిందికి, ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. ఎవరో నేలమీద పడుకుని తీసినట్టుంది. మొదట కిటికీ. కిటికీకి పరదా లేదు, చెక్కపలకలు మేకులు కొట్టి బిగించి ఉన్నాయి. దాని కింద మిషన్. మిషన్‌కి ఎడమపక్క దీపం.

దీపం గొడుగు అంచున చిన్న కాలిన మచ్చ. పదేళ్ళ వయసులో బొంగరం తడి రుమాలు ఆరేసి చేసిన మచ్చ అది.

ఆమె వీపు కుర్చీకి అతుక్కుపోయింది.

ఇంకా కిందికి జరిపింది. దీపానికి ఎదురుగా, కాస్త ముందుకి వాలి, తను రెండోదిగా అమ్మిన అద్దం. మిషన్ ముందు, తను మూడోదిగా అమ్మిన ముక్కాలిపీట. ముగ్గురు కొన్న మూడు వస్తువులు ఒకే గదిలో ఉన్నాయి. ఊరికే ఉండటం కాదు. అక్క గదిలో ఏది ఎక్కడ ఉండేదో అక్కడే ఉన్నాయి. పీటకి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద అక్క ఎప్పుడూ ఒక అట్టముక్కని మూడు మడతలు పెట్టి దోపేది. ఫొటోలో ఆ కాలి కింద అట్టముక్క ఉంది. మూడు మడతలు.

తర్వాత వెనక గోడ రంగు చూసింది. అక్క గదికి నాన్న వేసిన రంగు ఏ దుకాణంలోనూ దొరకదు. సగం మిగిలిన పచ్చ డబ్బాలో సగం మిగిలిన నీలం డబ్బా ఒంపేసి, "ఇంత అందమైన రంగు కొందామన్నా దొరకదు" అని తనని తనే మెచ్చుకుంటూ వేశాడు. నిజంగా దొరకలేదు. ఒకచోట పెచ్చు ఊడితే అతుకు వెయ్యడానికి ఊరంతా తిరిగినా దొరకలేదు. ఇప్పుడు ఆ గోడ, పెచ్చు లేకుండా, తళతళలాడుతూ ఫొటోలో ఉంది.

"అదేంటమ్మాయ్, నీ మిషన్ ఫొటో నువ్వే చూసుకుని జడుసుకుంటున్నావ్?"

బొంగరం ఉలిక్కిపడింది. వెనక కాజాల పెద్దాయన. నలభై ఏళ్ళుగా కోట్లకి కాజాలు కుట్టి కుట్టి మెడ ముందుకి వంగిపోయిన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తెరలోకి చూస్తున్నాడు.

"నాది కాదు బాబాయ్. కొన్నవాళ్ళు తీసింది."

"ఊరుకో. ఆ దారం ఎక్కించింది నువ్వు కాదూ?"

"నేను దారం తీసేసే ప్యాక్ చేశాను."

"మరి ఆ పిన్నీసు ఎవరు పెట్టారు?"

బొంగరం తెర దగ్గరికి వంగింది. మిషన్ తలకాయ పక్కనున్న స్క్రూకి ఒక పిన్నీసు వేలాడుతోంది. దారం పైనుంచి వచ్చి, సూదిపైన ఉన్న కొక్కేన్ని వదిలేసి, ఆ పిన్నీసు కన్నంలోంచి దూరి సూదిలోకి దిగింది.

ఇక్కడ ఆ పిన్నీసు కథ చెప్పాలి. అమ్మ కుట్టు నేర్చుకున్న మొదటి మిషన్‌కి ఆ కొక్కెం విరిగిపోయి ఉండేది. బదులుగా ఎవరో పిన్నీసు కట్టారు. అమ్మ దాన్నే పద్ధతి అనుకుంది. తర్వాత కొత్త మిషన్ కొన్నా, కొక్కెం నిక్షేపంలా ఉన్నా, పిన్నీసు కట్టందే దారం ఎక్కించేది కాదు. కూతుళ్ళిద్దరికీ అదే నేర్పింది. బొంగరం షాపులో చేరిన మొదటి రోజే పెద్దాయన ఆ పిన్నీసు చూసి గంటసేపు నవ్వాడు. అప్పట్నుంచీ రోజుకోసారైనా ఆ మాటెత్తుతాడు.

ఇప్పుడూ ఎత్తాడు. "మంచి మిషన్‌కి పిన్నీసు కట్టేది ఈ లోకంలో నువ్వొక్కదానివేనమ్మాయ్."

బొంగరం తల అడ్డంగా ఊపింది. "ఒక్కదాన్నే కాదు బాబాయ్. ముగ్గురం. అమ్మ, నేను..." మూడో మాట పైకి రాలేదు.

పెద్దాయన నవ్వు ఆపేశాడు. ఆయనకి తెలుసు. ఆ నేరేడు రంగు కోటుకి కాజాలు కుట్టింది ఆయనే. మాట మార్చడానికన్నట్టు అన్నాడు.

"వారం నుంచి ఎర్రది ఎర్రది అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నావ్ కదా. మరి చేతికి కట్టుకున్నదేంటి?"

బొంగరం తన ఎడమ మణికట్టు వైపు చూసుకుంది.

ఎర్ర మఖ్మలు దిండు. నిమ్మకాయంత ఉంటుంది. సూదులు గుచ్చుకోవడానికి. పొద్దున్న షాపుకి రాగానే కట్టుకుంటుంది, సాయంత్రం విప్పుతుంది. చేతిలో భాగమైపోయిన వస్తువు కంటికి ఆనుతుందా? పదేళ్ళ కిందట అది అక్క మిషన్ మెడకి కట్టి ఉండేది. పెళ్ళయి వెళ్ళేరోజు అక్కే విప్పి బొంగరం చేతికి కట్టింది.

"ఇది నీకిచ్చెయ్యట్లేదే. దాచమని ఇస్తున్నా. నేను అడిగిన రోజు నువ్వే తెచ్చివ్వాలి. మాట?"

"మాట."

అమ్మిన మనిషి మాట తప్పింది.

వారం రోజులుగా ఆ వాక్యాన్ని అన్యాయమని తిట్టుకుంది. పక్కింటావిడకి చెప్పుకుని ఏడ్చింది. అందులో అన్యాయం లేదు. అబద్ధం కూడా లేదు. సూటిగా రాసే వీలుంటే సూటిగానే రాసేది. రాసిన దాన్ని ముందు చదివేవాడెవడో పక్కనే ఉండుంటాడు. వాడికి గొణుగుడులా కనిపించాలి, తనకి మాత్రం కబురులా చేరాలి.

అక్క బతికే ఉంది. బతికుండి అడుగుతోంది.

"అమ్మాయ్," పెద్దాయన గొంతు తగ్గింది. కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు. వేలితో తెరమీద అద్దాన్ని చూపించాడు. "ఆ అద్దంలో తలుపు కనిపిస్తోంది చూడు. దానికి పిడి ఏది?"

అద్దంలో ఎదుటి గోడ తలుపు పడింది. లోపలి వైపు పిడి ఉండాల్సిన చోట గుండ్రటి మచ్చ. మచ్చ మీద అదే పచ్చరంగు.

లోపల ఉన్నవాళ్ళు తెరుచుకోవడానికి లేని తలుపు.

"మా ఆయనకి ఫోన్ చేస్తాను," అంది బొంగరం చివరికి.

"చెయ్యి. నేను మూల స్టేషన్‌కెళ్ళి, మనకి కోట్లిచ్చే ఆ ఎస్సైగారుంటే పిల్చుకొస్తా. ఈలోగా ఏ బటనూ నొక్కకు." పెద్దాయన చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "వాపసు బటన్ అసలే నొక్కకు," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాడు. బొంగరం వాళ్ళాయనకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఏ గోతిలో ఉన్నాడో. మొన్న రాత్రి ఈ రివ్యూకి జవాబు రాసిపెట్టమని అడిగితే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రాసిచ్చాడు. ఆ మనిషికి వచ్చిన రాత అంతే. "మెట్లు వాడండి అని కూడా రాయకపోయారా" అని దెప్పింది. తను రాసుకున్న జవాబు ఇంకోలా ఉంది. కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొన్నారని మొదలై, ఇంకెవరికీ అమ్మనని ముగిసింది. రెండూ కాగితాల మీద టేబుల్ మీదే ఉన్నాయి. రెండింటినీ ఉండచుట్టి పారేసింది.

ఒంటిగంటా ఇరవై.

ఖాళీ పెట్టెలో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఒకే ఒక్క జవాబు. అక్కకి అర్థం కావాలి, పక్కనున్నవాడికి కాకూడదు.

"ఏం బొంగరం, ఒక్కదానివే ఉన్నావే? భోంచేశావా?"

తలుపు గంట కూడా మోగలేదు. కౌంటరుకి అవతల బావ నిలబడి ఉన్నాడు.

బావ ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రీ. వాడంత మెత్తని మనిషి లేడని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. అక్క పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. వచ్చినప్పుడల్లా టర్పెంటైన్ వాసన ముందు వస్తుంది, వెనక తను వస్తాడు. ఇవాళ వాసన బాగా ఘాటుగా ఉంది. చేతులు కౌంటరు మీద పెట్టుకున్నాడు. ఆ వేళ్ళు ఎప్పటిలాగే వణుకుతున్నాయి. రంగుల వాసన నరాల్లోకి ఎక్కిందని, సన్నగీత వెయ్యడం మానేసి చాలా ఏళ్ళయిందని తనే చెప్పుకుంటాడు.

"తిన్నాను బావా. ఇటెలా వచ్చావ్?"

"పక్క వీధిలో పని. నిన్ను చూసిపోదామని." పీట లాక్కుని కూర్చున్నాడు. "ఆ ఒక స్టార్ గోల ఇంకా తేల్చలేదా?"

"నీకెవరు చెప్పారు?"

"మీ ఆయనే. నిన్న దార్లో కనిపించాడు. నువ్వు అన్నం కూడా సరిగ్గా తినట్లేదని బాధపడ్డాడు. పిచ్చిపిల్లా, ఇలాంటివాళ్ళతో మాటలు పెట్టుకుంటారా? నువ్వొకటి రాస్తే వాళ్ళు పది రాస్తారు. డబ్బు వెనక్కిచ్చి పారెయ్. రివ్యూ పోతుంది, ఫొటో పోతుంది, పీడా పోతుంది. కావాలంటే ఆ డబ్బు నేనిస్తా."

బొంగరం వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

రివ్యూ సంగతి వాళ్ళాయన చెప్పి ఉండచ్చు. ఫొటో వచ్చింది ఇవాళ పొద్దున. వాళ్ళాయనకి ఆ సంగతి తెలియదు. అది ఇద్దరికే కనిపిస్తుంది. అమ్మినవాళ్ళకి, కొన్నవాళ్ళకి.

"ఏంటి, ఇంకా ఆలోచనా?" అన్నాడు బావ.

టేబుల్ మీద ఫోన్ మోగింది. వాళ్ళాయన. బొంగరం ఎత్తి చెవికి గట్టిగా నొక్కుకుంది.

"ఏంటే, ఫోన్ చేశావ్? గోతిలో ఉన్నా."

"ఏం లేదండీ. బావ వచ్చాడు షాపుకి. నిన్న మీరిద్దరూ దార్లో కలిశారట కదా."

"మీ బావా? ఆ మనిషిని చూసి ఆర్నెల్లయింది. ఎవర్ని చూసి నేననుకున్నాడో."

"అవునండీ," అంది బొంగరం నవ్వుతూ. "అదే చెప్పాడు. బాధపడుతున్నారని."

 ఎనిమిదేళ్ళ కాపురం ఊరికే పోదు. "బొంగరం," అన్నాడు ఆయన వేరే గొంతుతో, "ఏమైంది? నన్ను రమ్మంటావా?"

"ఆఁ, వచ్చేటప్పుడు తీసుకురండి మరి."

ఫోన్ పెట్టేసింది. లిఫ్టు గోతిలోంచి బయటపడి, బట్టలు మార్చుకోకుండా పరిగెత్తినా అరగంట. పెద్దాయన నడక సంగతి ఆయన మోకాళ్ళకే తెలియాలి.

"ఏం తెమ్మంటున్నావ్?" అడిగాడు బావ.

"మందులు. నిద్ర పట్టట్లేదు."

"పాపం." నిజంగానే జాలిపడ్డాడు.  చెయ్యి చాచి ఆమె వైపు ఉన్న గాజు గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. గడియారం పట్టీ అంచున, వెంట్రుకల్లో ఎండిపోయిన రంగు. పచ్చ. నీలం కలిసిన పచ్చ. ఏ దుకాణంలోనూ దొరకని పచ్చ.

వాళ్ళ ఊరివాడు కాదు, వాళ్ళ ఇంటివాడు కాదు. అల్లుడిగా వచ్చి ఆ గదిలో పట్టుమని పది రోజులు ఉన్నాడు. ఆ రంగుని కళ్ళతో మోసుకుపోయి ఎన్ని డబ్బాలు పారబోసి కలిపి ఉంటాడు. అట్టముక్కకి మూడు మడతలని ఎలా గుర్తుపెట్టుకుని ఉంటాడు. మూడు పేర్లతో మూడు వస్తువులు కొని, ప్రతిసారీ "బాగుంది" అని రాసి.

కానీ నాలుగోదాని కింద రాసింది ఇతను కాదు. ఈ వణికే వేళ్ళు పిన్నీసు కన్నంలో దారం ఎక్కించలేవు. ఇతని కన్నుగప్పి, ఇతని ఫోన్లోంచే, ఎవరో రాశారు. ఎవరో నేలమీద పడుకుని ఫొటో తీశారు. కొన్నవాళ్ళు ఒకసారి పెట్టిన రివ్యూ వాళ్ళంతట వాళ్ళు తీసెయ్యడానికి ఆ సైటులో కుదరదు. అమ్మినవాళ్ళు వాపసు బటన్ నొక్కాలి. అందుకు వచ్చాడు.

ఇప్పుడు బొంగరానికి అన్నీ వరసగా కుట్టుపడ్డాయి. వాపసు నొక్కితే ఆ గది ఉన్నట్టు ప్రపంచంలో ఏ రుజువూ మిగలదు. అక్క ఇంకోసారి చచ్చిపోతుంది. ఈసారి తన చేతులతో.

"నొక్కేస్తున్నా బావా," అంది. "నువ్వు చెప్పిందే నయం."

"మా బంగారం." బావ వెనక్కి వాలాడు.

తెర ఆమె వైపు తిరిగి ఉంది. అతనికి వెనకభాగమే కనిపిస్తుంది. బొంగరం టైపు చెయ్యసాగింది. కీబోర్డు టకటకమంటోంది.

"వాపసుకి అంత రాయాలా?"

"కారణం అడుగుతోంది. ముప్ఫై మాటలకి తక్కువైతే ఒప్పుకోదట."

"వెధవ సైటు." నవ్వాడు. లేచాడు. కౌంటరు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు, తీరిగ్గా, హాంగర్లకి వేలాడుతున్న కోట్లని ఒక్కొక్కదాన్నీ వేలితో తోసుకుంటూ. "ఏదీ, నేను చూసిపెడతా. నీకు రాతకోతలు వచ్చేడిస్తే కదా."

మూడు కోట్ల దూరం. రెండు.

బొంగరం రాసింది ఇది. "మీరు చెప్పిందే నిజం, మాట నేనే తప్పాను. ఎర్రది నా చేతికే ఉంది. అడిగిన రోజు తెచ్చివ్వాలన్నారు, ఈరోజే తెస్తాను. పిన్నీసు చూశాను. ఏ ఇల్లో చెప్పండి."

ఆఖరి కోటు ఊగింది. బావ భుజం పక్కనుంచి టర్పెంటైన్ వాసన వచ్చింది.

పంపు బటన్ నొక్కేసింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత బావ చొక్కా జేబులో ఫోన్ గుర్రుమంది. ఒకసారి. ఆగి, ఇంకోసారి.

అతను ఫోన్ తియ్యలేదు. తెర వైపు చూశాడు. ఆమె రాసిందంతా అక్కడ ఉంది, ఇంక ఎవరూ మార్చలేని అక్షరాల్లో. దాని పైన ఆ గది ఫొటో, ఇప్పుడు లోకమంతా చూడగలిగేలా. నిదానంగా మొత్తం చదివాడు. చదవడం రానివాడిలా పెదవులు కదిలిస్తూ చదివాడు.

"నీ ఫోనే బావా," అంది బొంగరం.  "చూసుకో."

"దేనికి? ఏం వచ్చిందో తెలుస్తూనే ఉందిగా."

కోపం లేదు. కోపం వస్తే బాగుండేది. అతను గుమ్మం దాకా నడిచి, తలుపుకి వేలాడే బోర్డుని వెనక్కి తిప్పాడు. "మూసి ఉంది" అన్న వైపు వీధికి చూపించి, బోర్డు వంకరగా ఉందని సరిచేసి మరీ వెనక్కి వచ్చాడు.

"మా అక్క ఎక్కడ?"

"పోయింది కదే. నువ్వే ఏడ్చావ్ అందరికంటే ఎక్కువ."

"ఆ మిషన్‌కి దారం ఎవరు ఎక్కించారు?"

 అతని చూపు ఆమె మొహం మీది నుంచి కిందికి జారింది. ఎడమ మణికట్టు మీద ఆగింది. ఆ కళ్ళలో కనిపించింది ఏమిటో బొంగరానికి మొదట తెలియలేదు. తర్వాత తెలిసింది. అలసట. రోగి దగ్గర రాత్రింబగళ్ళు కూర్చున్న మనిషి కళ్ళలో ఉండే అలసట.

"ఇన్నాళ్ళూ దీని కోసమా?" అన్నాడు తనలో తను. "ఎర్రది ఎర్రది అంటుంటే ఎన్ని తెచ్చిచ్చానో. రిబ్బన్లు తెచ్చా, గాజులు తెచ్చా, డబ్బాడు ఎర్రరంగు తెచ్చి చూపించా. కాదంటుంది. ఏదో చెప్పదు. గోడకి తిరిగి పడుకుంటుంది." వణికే అరచెయ్యి చాచాడు. "విప్పి ఇవ్వు బొంగరం. నాలుగు రోజులైంది, అన్నం ముట్టట్లేదు."

"ఎవరు?"

"నువ్వే తెచ్చివ్వాలని కదూ మాట?" బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ నవ్వాడు. "సరే, నువ్వే ఇద్దువుగాని. ఇంటిదాకా కూడా రానక్కర్లేదు."

కిటికీ వైపు తలతిప్పి చూపించాడు.

షాపు అద్దంలోంచి వీధి కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎదురు పేవ్‌మెంటు మీద జనం వస్తున్నారు, పోతున్నారు. నిచ్చెన కట్టిన రంగుల వ్యాన్ ఒకటి, చక్రాల మీదంతా చిలకరింపులతో, సరిగ్గా షాపుకి ఎదురుగా ఆగి ఉంది. ముందు సీట్లో నేరేడుపండు రంగు కోటు కూర్చుని ఉంది.

బొంగరం ఆ కాలరుని వెయ్యిమందిలో గుర్తుపడుతుంది. ఎడమవైపు కొస పావు అంగుళం పొడుగు. కత్తెర జారి తను చేసిన తప్పు. "ఉండనీవే, నీ గుర్తు" అని అక్క సరిచెయ్యనివ్వలేదు. ఆరేళ్ళ కిందట ఆ కాలరు మీదే మూత బిగించారు. ఆ మూత మీద మట్టి పోసినవాళ్ళలో తనూ ఉంది.

ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది. కాలరు పైన మొహం ఉండాల్సిన చోట ఏమీ కనిపించలేదు.

ఆ కోటు కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది. వ్యాన్ అద్దానికి అరచెయ్యి ఆనించి, అడుగుతున్నట్టు వేళ్ళు విప్పింది.